ఉప్పుగాలికి పోయిందట!

కోపం తగ్గాక రాద్దామనుకున్నా. తగ్గలేదు, అందుకే రాసేస్తున్నా.

రెండేళ్ళ క్రితం బోనస్ డబ్బులతో ఓ గేమ్ కన్సోల్ కొన్నాను. కంపెనీ పేరు వద్దులెండి. వారమంతా రుషికొండ ఆఫీసులో ఎవడో రాసిన కోడ్‌లో బగ్గులు ఏరుకోవడం, శనివారం రాత్రి ఓ రెండు గంటలు ఆడుకోవడం. దాన్నించి నేను కోరుకున్నది అంతే. పదకొండో నెలలో కంట్రోలర్ పుల్ల ముట్టుకోకుండానే ఎడమకి పోవడం మొదలెట్టింది. సర్లే అని సర్దుకున్నా. పద్నాలుగో నెలలో ఆట మధ్యలో కన్సోలే ఠప్పున ఆగిపోయింది. వారంటీ ఎన్నాళ్ళో మీరే ఊహించండి. సరిగ్గా ఏడాది!

సర్వీస్ సెంటర్ కుర్రాడు మూత విప్పి చూసి, "బోర్డుకి తుప్పు పట్టిందండీ. మీ ఇల్లు సముద్రం దగ్గరా?" అన్నాడు. వైజాగ్‌లో ఎవరిల్లు దూరం నాయనా! బోర్డు బాగు చెయ్యరట, మొత్తం మార్చాలట. కొత్తదాని ధరలో సగానికి పైనే.

ఇంటికొచ్చి చెప్తే నాన్న నవ్వారు. ఆయన ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యారు. "మా ప్లాంటేటి, హిమాలయాల్లో ఉందేట్రా? 1990 నుంచీ గోదావరి ఫర్నేసు ఈ ఉప్పుగాలిలోనే నడిచింది కదా. గాలి ఉంటాదని ముందే తెలుసు, దానికి తగ్గట్టే రంగులేశాం, పార్టులు మార్చుకున్నాం. తెలిసీ చెయ్యకపోతే అది గాలి తప్పేటి?"

సరిగ్గా నా పాయింటూ అదే. నా కథ పక్కన పెట్టి చరిత్ర చూడండి. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది. మూడు ఎర్ర లైట్లు వెలిగి కన్సోళ్ళు కుప్పలుగా చచ్చిపోయాయి. వేడెక్కడం, చల్లారడం, మళ్ళీ వేడెక్కడం, ఈ వరసలో చిప్ కింది సన్నటి అతుకులు చిట్లిపోయేవి. జనం పాపం తువ్వాలు చుట్టి వేడి చేసి బతికించుకునేవాళ్ళు! చివరికి 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీ మూడేళ్ళకి పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు రాసుకుంది. ఆలస్యమైనా ఒప్పుకున్నారు.

ఇక పుల్ల జారే రోగం. లోపల కార్బన్ పట్టీ మీద లోహపు ముక్క రాసుకుంటూ ఉంటుంది, అరిగితే తప్పుడు రీడింగు. నింటెండో జాయ్‌కాన్‌ల విషయంలో 2020లో ఆ కంపెనీ అధ్యక్షుడే క్షమాపణ చెప్పాడు. పోనీ మందు లేని రోగమా? అయస్కాంతంతో పనిచేసే, రాపిడి లేని సెన్సర్లు 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఉన్నాయి! తుప్పుకైతే బోర్డు మీద సన్నటి వార్నిష్ పూత. ఓడల్లో వాడే ఎలక్ట్రానిక్స్‌లో ఇది మామూలే.

"ధర పెరుగుతుంది బాస్" అంటారు మా ఆఫీసు మేధావులు. పెరగనీ. ఇప్పుడు ఆ ఖర్చు మాయమైందా? పద్నాలుగో నెలలో నా జేబులోంచి పోతోంది, అంతే. ఉప్పుగాలికి ఆగదని వాళ్ళకి తెలిస్తే, అమ్మేటప్పుడు డబ్బా మీద రాయాలి. అమ్మేటప్పుడు వైజాగ్ పెద్ద మార్కెట్టు, పాడయ్యాక మాత్రం వైజాగ్ వాతావరణం మంచిది కాదా?

మనమూ తక్కువేం కాదు. "నోన్ ఇష్యూ, నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం" అని టికెట్ మూసెయ్యని వాడెవడు? కాకపోతే మన తప్పుకి ప్యాచ్ పంపొచ్చు. చిట్లిన అతుక్కి ఏ అప్‌డేట్ పంపుతారు?

ఊరికే తిట్టుకుని కూర్చోకండి. 2020 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల చట్టంలో, లోపమున్న వస్తువు వల్ల నష్టం జరిగితే తయారీదారుని నిలదీసే అధ్యాయమే ఉంది. 1915కి ఫోన్ చెయ్యొచ్చు. అయిదు లక్షల లోపు వస్తువైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. నేను కాగితాలు సిద్ధం చేస్తున్నా.

ఇంతకీ కన్సోల్ ఏమైందంటారా? డాబాగార్డెన్స్ సందులో ఓ కుర్రాడు బోర్డు శుభ్రం చేసి, పోయిన చిన్న పార్టు మార్చి 1800కి నడిపించేశాడు. "ఎన్నాళ్ళొస్తుంది తమ్ముడూ?" అనడిగా.

"చెప్పలేనన్నా. పోతే మళ్ళీ తీసుకురా, చూస్తాను."

అంత మాట కంపెనీ అనలేకపోయింది.