యంత్రానికి ఏ భాష?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి కంప్యూటరు భాషలతో పనేమిటని మీరడగవచ్చు. పనుంది. మా మేనల్లుడు వున్న వుద్యోగం మానేసి, మరి ఇద్దరితో కలిసి విజయవాడలో లారీల యజమానుల కోసం ఒక ప్రోగ్రాము తయారు చేయబూనాడు. ఏ లారీ ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు తెలియజెప్పడం దాని పని. పెట్టుబడి మా అక్కయ్య పెన్షను డబ్బు. అంచేత భాష ఏదన్నది మా ఇంటి సమస్య కూడా అయి కూర్చుంది.

ఫంక్షనల్ భాషే కావాలన్నంతవరకు ముగ్గురిదీ ఒకటే మాట. అంటే ఏమిటిరా అంటే వాడు గంటసేపు చెప్పాడు. నాకు మాత్రం సంధి సూత్రంతో గాని తలకెక్కలేదు. 'వాడు', 'ఎవడు' కలిపితే, ఎవరు కలిపినా, ఏ వేళ కలిపినా 'వాడెవడు' అనే వస్తుంది. ఆ కలపడంలో పక్కనున్న మాటలేవీ చెడవు. ప్రోగ్రామంతా వీలయినంతవరకు అలాంటి సూత్రాలతోనే కట్టాలంటారు వీళ్లు. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్‌తో తెరిచిన దారి ఇది.

తగవల్లా ఆ తరవాతే. మావాడికి హాస్కెల్ మీద మనసు. 1990లో వెలువడిన ఈ భాష మహా మడి. ఫైలు చదవడం, తెరమీద వ్రాయడం వంటి బయటి పనులను లెక్కల్లోకి దొంగచాటుగా రానివ్వదు. చాలా తప్పులు ప్రోగ్రాము నడవకముందే పట్టుకుంటుంది. కాని అవసరం పడేదాకా ఏ లెక్కా కట్టదు గనుక, మెమరీ ఎంత తింటుందో ముందుగా చెప్పడం కష్టం. రెండో కుర్రవాడిది స్కాలా పక్షం. అది జావాతో పొత్తు కలిసే భాష. ఇదివరకే జావాలో పెద్ద సంసారం వున్న ఆఫీసుకు అంతకంటె కావలసిందేముంది! వీళ్లకా సంసారమే లేదు.

ఇక ముగ్గురిలోనూ వున్న ఒక్క అమ్మాయీ ఎలిక్సిర్ అంది. ఇది ఎర్లాంగ్ వంశం. 1986లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభృతులు టెలిఫోను ఎక్స్ఛేంజిల కోసం ఎర్లాంగ్‌ను మొదలుపెట్టారు. ఒకరి సంభాషణ తెగిందని పక్కవాడిది తెగరాదు గదా! అందుకని ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రాసెసు. అది పడిపోతే మళ్లీ లేవనెత్తడానికి పైన ఒక సూపర్‌వైజరు. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి వాట్సాప్ 45 కోట్ల మంది కబుర్లు మోస్తోంది; ఉద్యోగులు 55 మంది; సర్వర్ల పని ఎర్లాంగ్‌ది. ఆ యంత్రం మీదనే నడిచేటట్లు బ్రెజిల్ దేశస్థుడు జోసే వాలిమ్ ఎలిక్సిర్‌ను రూపొందించాడు.

నా వోటు ఆ అమ్మాయికే. వెయ్యి లారీలు నిమిషానికొక కబురు పంపుతూ వుంటే, ఒకదాని ఫోను పాడయిందని మిగిలినవి మూగపోకూడదు. ఇది అచ్చంగా ఎక్స్ఛేంజి పనే.

"మావయ్యా, అది హాస్కెల్ లాగ ముందే తప్పులు పట్టదు. పరీక్షలు మనమే వ్రాసుకోవాలి" అన్నాడు మావాడు.

"వ్రాసుకోండిరా! అది సరే, మీలో ఒకరు రేపు వేరే వుద్యోగానికి వెళ్లిపోతే, ఈ ప్రోగ్రాము చదివి బాగుచేసేవాడు మీకు ఎన్నాళ్లకు దొరుకుతాడు? జావా వచ్చినవాళ్లయితే వీధికి నలుగురున్నారు."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. చివరికి ఎలిక్సిర్‌తో పది లారీలకు ఒక నెల నడిపి చూస్తామన్నారు. మా అక్కయ్య ఆ ఒక్క నెలకు సరిపడా డబ్బే బ్యాంకులోంచి తీసి ఇచ్చింది.