బదనికలలో భేదము

మామిడికొమ్మపై మొలచిన పరాయి మొక్కనెల్ల బదనిక యని నఱకుట మన తోటలలో వాడుక. ఇది సరికాదని మా యభిప్రాయము.

అసలు బదనిక తన వేరును కొమ్మలోనికి దించి చెట్టు రసమును పీల్చును. కోడికాళ్ళ బదనిక యట్టిది కాదు; అది ఆర్కిడ్ కుటుంబపు మొక్క. దాని లావు వేళ్ళు బెరడును పట్టుకొనుటకే గాని పీల్చుటకు గావు. గాలిలోని తేమయు, బెరడు వెంట జాఱు వాననీరును దానికి జీవనాధారము.

సామర్లకోటలో పెక్కేండ్లు పనిచేసిన రాక్స్‌బర్గు పండితుడు 1795లో దీనిని ఎపిడెండ్రమ్ జాతిలో జేర్చి వర్ణించెను. 1830 నుండి దీని పేరు వాండా టెస్సెల్లేటా. టెస్సెల్లేటా యనగా గళ్ళు గలది; పూరేకులను జూచినచో తెలియును. వాండా సంస్కృత శబ్దభవము. దానికిని బదనిక యనియే యర్థము. పేరు కలిసినను గుణము కలియలేదు.

శాస్త్రజ్ఞులు పూవును జూచి జాతిని నిర్ణయింతురు. రైతు వేరును జూచిన చాలును. వేరు బెరడుపైనే ప్రాకినచో విడిచిపెట్టుడు. మొక్క కొమ్మలో నతికి, అతుకుచోట కొమ్మ యుబ్బినచో, ఆ యుబ్బునకు దిగువగా కొమ్మనే కోయుడు. ఈ పనిని సభ్యులందఱు నొకేమాఱు చేయవలెను. బదనిక విత్తులను మోయు పక్షులకు పొలిమేరలు లేవు గదా!