కూడికకు ముందరి వెదకులాట
— పరిశీలకుడు

1904వ సంవత్సరమున బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికయందు కార్ల్ పియర్సన్ అను గణితవేత్త యొక వ్యాసమును ప్రకటించెను. దక్షిణాఫ్రికా యుద్ధరంగమునందును, హిందూదేశపు దండులయందును ఉండిన ఆంగ్ల సైనికులకు ఆల్మ్‌రోత్ రైట్ సిద్ధపరచిన టైఫాయిడ్ టీకా ఏమాత్రము రక్షణ నిచ్చినదో తెలిసికొనుటకై, ఆయాచోట్ల వేర్వేరుగా వ్రాసియుంచిన లెక్కలను ఆయన యొక్కచోటికి చేర్చి, వానికి సగటు కట్టి చూచెను. భిన్నప్రదేశముల వైద్యసాక్ష్యమును గణితమార్గమున కూర్చిన తొలియత్నములలో నిది యొకటియని చరిత్రకారులు కొనియాడుదురు. నాకు మాత్రము ఆయన కూడినదానికంటె, కూడిన పిదప పలికిన మాటయే మిక్కిలి ప్రశంసనీయముగా తోచుచున్నది. ఒకచోటి అంకె వేరొకచోటి అంకెతో పొసగకుండుటను గమనించి, ఈ ఆధారముతో టీకాను సైన్యమంతటికి వేయుట తగదనియు, ఇష్టపడి ముందుకు వచ్చినవారి పేర్లను పట్టికగా వ్రాసి, ఒకరిని విడిచి యొకరికి టీకా వేసి, ఫలితమును సరిపోల్చి చూడవలెననియు ఆయన సలహా నిచ్చెను. మెటా అనాలిసిస్ అను పేర నేడు వెల్లువగా వచ్చిపడుచున్న వ్యాసములలో ఆ సందేహబుద్ధిని దీపము పెట్టి వెదకవలసి యున్నది.

పద్ధతి యంత క్లిష్టమైనది కాదు. నూరుమంది రోగులపై జరిపిన యొక చిన్న పరీక్షలో మందు పుచ్చుకొన్న పక్షమున నలుగురును, పుచ్చుకొనని పక్షమున ఏడుగురును మరణించిరన్నచో, అది మందు మహిమయో, కాకతాళీయమో ఎవ్వరును చెప్పజాలరు. అట్టి పరీక్షలు పది యొక్కచోట చేరి అన్నియు ఒకేవైపు మొగ్గుచున్నవేని, కాకతాళీయమను వాదము క్రమముగా సడలిపోవును. అయితే పది ఊళ్ల రోగులను ఒక్కరాశిగా పోసి లెక్కించుట దీని మార్గము కాదు. ఒక్కొక్క పరీక్షలోని రెండు పక్షములను ఆ పరీక్షలోనే సరిపోల్చి, ఎక్కువమందిపై నిశ్చితముగా తేలిన తారతమ్యమునకు ఎక్కువ విలువయు, అల్పసంఖ్యతో తడబడిన దానికి తక్కువ విలువయు ఇచ్చి, పిదప ఆ తారతమ్యములకే సగటు కట్టుదురు. పరీక్షల నడుమ నిజముగనే భేదము కలదని తోచినచో, దానినిగూడ లెక్కలోనికి తెచ్చుకొను ఉపాయమును 1986లో డెర్‌సిమోనియన్, లెయిర్డ్ అనువారు ప్రకటించిరి. ఇదంతయు నేడు కంప్యూటరు క్షణములో చేసిపెట్టు పని. ఆ పరీక్షలను వెదకి తెచ్చుటయందే శ్రమయంతయు నున్నది. నా విచారమును దానిని గూర్చియే.

గుండెపోటు వచ్చినవారి రక్తనాళమున పేరుకొన్న గడ్డను కరిగించు స్ట్రెప్టోకినేస్ కథను చూడుడు. 1959 మొదలు 1988 వరకు ఈ మందుపై 33 పరీక్షలు జరిగినవి. 1992లో అమెరికా పరిశోధకులు వానిని కాలక్రమమున ఒకటొకటిగా చేర్చుకొనుచు, చేర్చినపుడెల్ల మొత్తమును తిరిగి కట్టి చూడగా, ఎనిమిది పరీక్షలును 2,432 మంది రోగులును పూర్తియైన 1973 నాటికే ఈ మందు మరణములను తగ్గించునను సంగతి తేటపడి యుండెనని తేలినది. ఆ తరువాత మరి 25 పరీక్షలలో మరి 34,542 మంది చేర్చుకొనబడిరి. వారిలో సుమారు సగముమందికి ఆ మందు దక్కలేదు. ఆనాటి వైద్యులను నిందించుట సులభమే గాని న్యాయము కాదు. రక్తస్రావభయము నిజమైనది, పరీక్షలను విడివిడిగా చదివినవారికి ఒకటి ఔననియు, వేరొకటి కాదనియు చెప్పుచుండెను. నింద చెందవలసినది, పాతవానిని వరుసగా పేర్చి చూడకయే క్రొత్తదానికి పూనుకొను ఆచారమునకు.

ఈ ఆచారమునుగూర్చియే ఆర్చీ కాక్రేన్ అను వైద్యుడు 1979లో తన వృత్తివారినెల్ల గట్టిగా మందలించెను. 1993లో ఆయన పేర వెలసిన సంస్థ తన చిహ్నముగా నొక చిత్రమును ధరించినది. నెలలు నిండకమునుపే ప్రసవించు తల్లికి స్టెరాయిడ్ ఇచ్చినచో శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని 1972లో న్యూజిలాండునందు లిగిన్స్, హౌయీ అనువారు చూపిరి. ఆ మందుపై జరిగిన ఏడు పరీక్షలు ఆ చిహ్నమున ఏడు అడ్డగీతలు. గీతలలో పెక్కు నడిమి నిలువుగీతను దాటుచున్నవి, అనగా విడిగా ఏమియు తేల్చలేకున్నవి. క్రింద వజ్రాకారమున నున్న మొత్తము మాత్రము ఆ నిలువుగీతను తాకనైన తాకదు. ఆ మొత్తమును ఎవరును కట్టి చూడకపోవుటచేత ఎందరు శిశువులు బ్రతుకవలసినవారు బ్రతుకకపోయిరో!

ఇంతవరకు చదివి, కూడికయే సత్యమని పాఠకులు తీర్మానించుకొనరాదు. గుండెపోటు రోగులకు మెగ్నీషియం ఎక్కించినచో మరణములు సగమునకు పైగా తగ్గునని, ఏడు చిన్న పరీక్షలను, 1,301 మంది రోగులను కూర్చిన యొక సంకలనము 1991లో చెప్పెను. 1995లో ప్రకటితమైన ఐసిస్-4 అను మహాపరీక్షలో 58,050 మందిపై చూడగా, ఆ మందువలన మేలేమియు కనబడలేదు. మందిచ్చిన సమయములో తేడా కలదని కొందరు వాదించిరి. కాని చిన్న పరీక్షలలో మేలు కనబడినవి అచ్చునకు పోయి, కనబడనివి అలమారలలోనే ఉండిపోయినవను వివరణమే నాకు సమంజసముగా నున్నది. ఇది వట్టి యనుమానమన్నవారికి 2008లో గట్టి సమాధానము దొరకినది. మానసిక కుంగుబాటునకు ఇచ్చు మందులపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు చేరిన 74 పరీక్షలలో ఆ సంస్థ అనుకూలములని తేల్చినవి 38. వానిలో 37 అచ్చైనవి. తక్కిన 36లో 22 అచ్చునే చూడలేదు, 11 అనుకూలములైనట్లు వేషము మార్చుకొని వచ్చినవి, మూడు మాత్రము ఉన్నదున్నట్లు వెలువడినవి. పత్రికలను మాత్రమే చదివి కూడినవాడు, ఎంత నిపుణుడైనను, ఈ మందులను ఉన్నదానికంటె గొప్పగా చూపక తప్పదు.

దొరకిన సగటు ఎవరికి వర్తించునను ప్రశ్న వేరొకటి కలదు. మొత్తమును ముక్కలుచేసి సమాధానము రాబట్టుట ప్రమాదకరము. 1988లో 17,187 మందిపై ఆస్పిరిన్‌ను పరీక్షించిన ఐసిస్-2 పరిశోధకులు, రోగులను జన్మరాశులవారీగా విభజించి చూపి, ఆస్పిరిన్ మిథున, తులారాశుల వారికి కొంచెము కీడుచేసినట్లును తక్కినవారికి మేలుచేసినట్లును కనబడుచున్నదని, ముక్కలుచేయువారిని వెక్కిరించుటకే ప్రకటించిరి. (ఈ సంగతి మన జ్యోతిష్కుల చెవిని పడకుండుటయే మేలు.) అట్లని స్థలభేదమును విస్మరించుటయు తగదు. పైనచెప్పిన స్టెరాయిడ్‌నే మనదేశపు బెళగావి, నాగపూరు ప్రాంతములతో కూడ ఆరు దేశముల గ్రామీణ ప్రసవములలో విస్తరింపజేసి చూడగా, నవజాత శిశుమరణములు తగ్గకపోగా మొత్తముమీద పెరిగినవని 2015లో తెలియవచ్చినది. గర్భమునకు ఎన్ని వారములో నిశ్చయముగా తెలియనిచోట, మందు అక్కరలేని తల్లులకు కూడ అందినది. గర్భకాలమును సరిగా నిర్ణయించి, మెరుగైన వసతిగల ఆసుపత్రులలో మనదేశముతో కూడ అయిదు దేశములలో పరీక్షించినపుడు, శిశుమరణములు 23.5 శాతమునుండి 19.6 శాతమునకు తగ్గెనని 2020లో వెల్లడియైనది. కాక్రేన్ చిహ్నములోని వజ్రము అబద్ధమాడలేదు. ఆ ఏడు పరీక్షలు జరిగిన ఆసుపత్రులు ఎట్టివో అది చెప్పదు, అంతే.

మనదేశమున క్లినికల్ పరీక్షల నమోదుకు 2007లో రిజిస్ట్రీ యొకటి వెలసి, 2009 జూన్ 15వ తేదీనుండి నమోదు నిర్బంధమైనది. మంచిపనియే, కాని పరీక్ష మొదలైనదని తెలియుటతో పని ముగియదు, దాని ఫలితము నలుగురి కంటబడవలెను. మన వైద్యకళాశాలల ఎథిక్స్ కమిటీలు, పూర్వపరీక్షల సమగ్రసమీక్ష జతపరచని ఏ దరఖాస్తునైనను వెంటనే త్రిప్పిపంపవలెను. ఆ కమిటీలు అడుగనిచో పాఠకులైన మీరే అడుగుడు: సమ్మతిపత్రముపై సంతకము చేయుమని మిమ్ములనుగాని మీవారినిగాని యెవరైన కోరినపుడు, ఇదే ప్రశ్నపై ఇదివరకు జరిగిన పరీక్షలన్నిటిని కూర్చి చూచితిరా, ఈ పరీక్ష ఫలితము ఎట్లున్నను ప్రకటింతురా అని అడిగి, ఆ రెంటికిని సమాధానము వచ్చిన పిమ్మటనే కలము పట్టుడు.