ధర తెలిసినవానిదే బేరము



మా సంఘములో మిరప పండించే కుటుంబము ఒకటి ఉన్నది. కొన్నేళ్ల క్రిందట, మార్చి నెలలో, ఒక వ్యాపారి వారి కల్లములోనికి వచ్చి గుప్పెడు కాయలు చేతిలోనికి తీసికొని అటు ఇటు చూచాడు. "యార్డులో ధర పడిపోయింది, ఇంకా పడుతుంది. ఈ రోజు ఇస్తే ఈ ధర, రేపైతే నా వల్ల కాదు" అన్నాడు. పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకు గడువు దగ్గర పడింది. పురుగుమందుల దుకాణములో అప్పు అలాగే ఉన్నది. భార్యాభర్తలు ఒకరి ముఖము ఒకరు చూచుకొని సరే అన్నారు. టిక్కీలు లారీ ఎక్కాయి. నాలుగు రోజుల తరువాత గుంటూరు యార్డు నుండి తిరిగి వచ్చిన బంధువు చెప్పిన ధరకు, వీరికి ముట్టిన ధరకు క్వింటాలుకు వెయ్యి రూపాయలకు పైగా తేడా తేలింది. ఆ ఆదివారము ఆ తల్లి మాతో, "అయ్యగారూ, పంట పండించడములో మేము ఓడిపోలేదండీ, అడగడములో ఓడిపోయాము" అన్నది.

ఆ మాట మమ్మును చాలా దినములు వదలలేదు. ఆ వ్యాపారి వద్ద ఉన్నదేమిటి? అతనికి పొలము లేదు, ఎండలో వంగి కాయ కోసిన కష్టము లేదు. అతని వద్ద ఉన్నది ఒక్కటే: ఆ ఉదయము యార్డులో ఏమి జరిగినదో అతనికి తెలుసు, వీరికి తెలియదు. వ్యాపారములో సమాచారము కూడా ఒక సరుకే. అది కంటికి కనబడదు, కాటాకు తూగదు, కాని మిగిలిన సరుకులన్నిటి ధరను అదే నిర్ణయించును. కంప్యూటరు, ఫోను, ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఈ సరుకు ఎవరి చేతికి చేరినది, ఎవరు దానితో పైచేయి సాధించారు, మనవంటి పల్లె కుటుంబములు దానిలో నేర్చుకొనవలసినదేమిటి అని ఈ నెల ఆలోచించుదము.

ఒడ్డున పారవేసిన చేపలు

మొదట కేరళ తీరమునకు వెళ్లుదము. 1997 జనవరి 14వ తేదీ ఉదయము వడకర తీరములో 11 మంది మత్స్యకారులు తమ చేపలు కొనేవారు లేక పారవేయవలసిన స్థితిలో ఉన్నారు. అక్కడికి 15 కిలోమీటర్ల లోపే ఉన్న చోంబాల, కొయిలాండి తీరములలో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరకక ఖాళీ బుట్టలతో తిరిగి పోవుటకు సిద్ధముగా ఉన్నారు. ఇరువురి మధ్య దూరము కొద్దిపాటిదే. అడ్డుగా నిలిచినది తెలియకపోవడమే.

ఆ సంవత్సరమే కోజికోడ్ ప్రాంతమునకు సెల్‌ఫోను వచ్చింది. 1998లో కన్నూరుకు, 2000లో కాసరగోడుకు వచ్చింది. టవర్లు తీరమునకు దగ్గరగా ఉండుటచేత సముద్రములో 20, 25 కిలోమీటర్ల వరకు సిగ్నలు అందేది. మత్స్యకారులు పడవలో నుండే రెండు మూడు ఊళ్లకు ఫోను చేసి, ధర ఎక్కడ బాగుంటే అక్కడికి పడవ త్రిప్పసాగారు. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త ఈ మార్పును వారము వారము లెక్కకట్టి 2007లో ప్రకటించారు. ఫోను రాకముందు పట్టిన చేపలో 5 నుండి 8 శాతము వృథా అయ్యేది. తరువాత ఆ వృథా దాదాపు పూర్తిగా ఆగిపోయింది. మత్స్యకారుల లాభము సగటున 8 శాతము పెరిగింది. కొనేవారికి ధర 4 శాతము తగ్గింది.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. అమ్మినవాడు బాగుపడ్డాడు, కొన్నవాడూ బాగుపడ్డాడు. ఒకని నోటి ముద్ద లాగికొని మరియొకడు తినలేదు. ఒడ్డున కుళ్లిపోయే చేప ఆకలిగా ఉన్న ఇంటికి చేరింది, అంతే.

సంచాలకుని ఇంట్లో కంప్యూటరు

ఇప్పుడు మధ్యప్రదేశ్‌కు రండి. అక్కడి రైతులు సోయాచిక్కుడు పండింతురు. పాత పద్ధతిలో రైతు ట్రాక్టరు బాడుగ పెట్టుకొని సరుకును మండీకి తీసికొని పోవలెను. ధర ఎంతో అక్కడికి పోయిన తరువాతనే తెలియును. ధర నచ్చకపోయినా తిరిగి తెచ్చుకొనలేడు, బాడుగ రెండింతలగును. కాటా దగ్గర కొంత, హమాలీ పేరిట కొంత పోవును. డబ్బు కొరకు మరల మరల తిరగవలసి వచ్చును.

అదే సోయాను కొనుగోలు చేసే ఐటీసీ కంపెనీకి కూడా తన బాధలు ఉన్నాయి. ఏజెంట్ల ద్వారా కొనుటచేత మంచి సరుకు, నాసి సరుకు కలిసిపోయి వచ్చేవి. మధ్యలో ఎవరెంత తింటున్నదీ తెలిసేది కాదు. ఎస్. శివకుమార్ నాయకత్వములోని ఆ కంపెనీ వ్యవసాయ విభాగము 2000వ సంవత్సరములో ఈ-చౌపాల్ అనే ఏర్పాటు మొదలుపెట్టింది. చౌపాల్ అంటే మన రచ్చబండ. ఊరిలో నమ్మకస్థుడైన ఒక రైతు ఇంట్లో కంప్యూటరు పెట్టి, ఫోను తీగలు సరిగా లేనిచోట ఉపగ్రహము ద్వారా, కరెంటు లేనిచోట సౌర పలకలతో దానిని నడిపించారు. ఆ రైతును సంచాలకుడు అన్నారు. చుట్టుప్రక్కల గ్రామముల వారు అతని ఇంటికి వచ్చి మండీ ధరలు, వాతావరణము, సాగు మెళకువలు తమ భాషలోనే తెలిసికొనేవారు.

రైతు నమూనా తెస్తే సంచాలకుడు చూచి ధర చెప్పును. ఇష్టమైతే రైతు సరుకును కంపెనీ కేంద్రమునకు తోలుకొని పోవును, లేకపోతే మండీకే పోవచ్చును, బలవంతము లేదు. కేంద్రములో ఎలక్ట్రానిక్ కాటా, అక్కడికక్కడే పూర్తి డబ్బు, రవాణా ఖర్చు కూడా. పాత కమీషన్ ఏజెంట్లను కూడా వెళ్లగొట్టక, రవాణా, నగదు వంటి పనులు అప్పగించి కలుపుకొన్నారు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారము తరువాతి కాలములో ఇవి సుమారు 6,100 కేంద్రములై, 35,000 గ్రామములకు వ్యాపించాయి. మన ఆంధ్ర తీరములోని రొయ్యల రైతులకు కూడా ఇటువంటి ఏర్పాటు చేశారు.

అపరాజిత గోయల్ అనే పరిశోధకురాలు 2010లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, ఈ కేంద్రములు వచ్చిన ప్రాంతములలోని మండీలలో సోయా ధర సగటున 1 నుండి 3 శాతము పెరిగింది. చౌపాల్‌కు అమ్మనివారికి కూడా మేలు జరిగింది, ఎందుకనగా మండీ వ్యాపారి ఇక తక్కువ ధర చెప్పి తప్పించుకొనలేకపోయాడు. రైతుకు వేరొక దారి ఉన్నదని అతనికి తెలుసు.

ఇందులో కంపెనీ దానధర్మము చేయలేదు. మంచి సరుకు ఎంచుకొని కొన్నది, మధ్య ఖర్చు తగ్గించుకొన్నది, అదే దారిలో విత్తనములు, ఎరువులు అమ్ముకొన్నది. పోటీలో పైచేయి సాధించింది. కాని ఎలాగు సాధించింది? ధర దాచిపెట్టి కాదు, ధర చెప్పి. కంప్యూటరు ఎవరైనా కొనవచ్చును. కాటా సరిగా తూచుట, మాట ఇచ్చిన ధర ఇచ్చుట, డబ్బు అదే రోజు చేతిలో పెట్టుట, ఇవి లేకపోతే ఆ కంప్యూటరు దగ్గరికి రెండవసారి ఎవరు వచ్చెదరు? న్యాయమైన త్రాసును గూర్చి మనము బాల్యము నుండి వినుచున్నాము. అది వ్యాపారమునకు అడ్డు కాదు, వ్యాపారమునకు మూలధనమే అని ఈ ఉదాహరణ చూపుచున్నది.

తెర ఎవరిదో చూడుము

అయితే నాణెమునకు రెండవ వైపు కూడా చెప్పకపోతే మేము మీకు మోసము చేసినట్లగును.

అమెరికాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే విమాన సంస్థ, ఐబీఎం కంపెనీతో కలిసి 1960లలో సేబర్ అనే టిక్కెట్ల కంప్యూటరు వ్యవస్థను నిర్మించింది. 1976 నుండి ఆ తెరలను టిక్కెట్లు అమ్మే ఏజెంట్ల దుకాణములలో పెట్టింది. ఏజెంట్లకు పని సులువైంది. కాని తెర మీద మొదటి వరుసలలో ఎవరి విమానములు కనబడును? తెర యజమానివే. తొందరలో ఉన్న ఏజెంటు క్రిందివరకు చూడడు. పైన ఉన్నదే తీసికొనును. ఇతర సంస్థలు మొరపెట్టుకొనగా 1984లో అమెరికా ప్రభుత్వపు పౌర విమానయాన బోర్డు, తెర మీద ఇటువంటి పక్షపాతము చూపరాదని నియమము చేసింది.

ఇది విమానముల సంగతి, మనకెందుకు అనుకొనవద్దు. ఈనాడు మన పిల్లల చేతిలోని ఫోనులో కూడా అదే జరుగుచున్నది. ఏదైనా కొనుటకు వెదకినప్పుడు పైన కనబడినది మంచిదైనందున పైకి రాలేదు. డబ్బు కట్టినందున వచ్చియుండవచ్చును. ధర చెప్పే యాప్ కూడా ఎవరో ఒకరి తెరయే. ఆ తెర యజమాని మన సరుకు కొనేవాడే అయితే, అతడు చెప్పిన ధరను ఇంకొక చోట సరిచూచుకొనవలెను. కల్లములో వ్యాపారి ఒక్కని మాట నమ్మి నష్టపోయినవారు, ఫోనులో ఒక్క తెర మాట నమ్మి నష్టపోరాదు.

మన ఇంటికి నాలుగు మాటలు

మొదటిది: అమ్మకముందు కనీసము మూడు చోట్ల అడుగుడి. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ-నామ్ అనే జాతీయ మార్కెట్‌లో ఈనాడు వెయ్యికి పైగా మార్కెట్ యార్డులు చేరాయి. మన నిజామాబాదు పసుపు యార్డు మొదటి వరుసలోనే చేరింది. అక్కడ రైతు సరుకుకు లాట్ నంబరు ఇచ్చి, వ్యాపారులు కంప్యూటరులోనే ధర వేయుదురు. ఎదుటివాడెంత వేసినదీ మరొకనికి తెలియదు గనుక, కలిసి కూడబలుక్కొని ధర తగ్గించుట కష్టము. అనేక యార్డుల ధరలు ఆగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ ఏర్పాటులో చూడవచ్చును. ఫోను చదువుట రానివారు 1800-180-1551 అనే కిసాన్ కాల్ సెంటరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

రెండవది: ధర ఒక్కటే చూడవద్దు, చేతికి మిగిలేది చూడుడి. యార్డు ధరలో నుండి లారీ బాడుగ, కమీషను, హమాలీ, తరుగు తీసివేయగా మిగిలినది కల్లము ధర కన్న ఎక్కువైతేనే కదలవలెను. తాలు కాయ ఏరి, తేమ ఆరనిచ్చిన సరుకుకే ఆ మంచి ధర. ఏ కంప్యూటరూ తడి కాయను ఎండు కాయగా చేయలేదు.

మూడవది: నలుగురు కలియుడి. పది టిక్కీల రైతుకు లారీ రాదు. పదిమంది కలిస్తే వచ్చును. ధర కనుగొనినవాడు తన పొరుగువానికి చెప్పిన దానివలన అతనికి నష్టము లేదు. కేరళ మత్స్యకారులను జ్ఞాపకము చేసికొనుడి.

నాలుగవది: డబ్బు వచ్చుటకు పిన్ నంబరు అవసరము లేదు. "మీ సరుకుకు అడ్వాన్సు పంపుచున్నాము, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే, అది డబ్బు వచ్చుటకు కాదు, పోవుటకే. పొరపాటున మోసపోతే సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడి. ఆలస్యమైన కొలది డబ్బు చేజారిపోవును.

మా సంఘములోని ఆ కుటుంబము సంగతి చెప్పి ముగించెదము. మరుసటి సంవత్సరము అదే కల్లము, అదే వ్యాపారి. "ధర పడిపోయింది" అనే మాట కూడా అదే. ఈసారి ఇంటర్మీడియట్ చదువుచున్న చిన్నబ్బాయి అప్పటికే యార్డులో ఇద్దరిని ఫోనులో అడిగి, బాడుగ, కమీషను లెక్క నోటుపుస్తకములో వ్రాసి తల్లి చేతిలో పెట్టాడు. ఆ తల్లి కోపపడలేదు, కేకలు వేయలేదు. "అన్నా, ఈ రోజు యార్డులో ధర ఇది. మా ఖర్చులు పోగా మాకు ఇంత మిగులుతుంది. మీరు అంత ఇస్తే ఇక్కడే తూచండి" అని పుస్తకము చూపించింది. అతడు కాసేపు ఆ అంకెల వంక చూచి, కాటా దించమని తన మనిషికి చెప్పాడు.

ఆ సంవత్సరము ఫీజు గడువులోపలే కట్టారు. ఆ నోటుపుస్తకము ఇంకను వారి ఇంట్లో, బియ్యపు డబ్బా ప్రక్కన మేకుకు వ్రేలాడుచున్నది.