మొక్క పేరు కూడా అప్పగించాలి

పూరీ గేట్ దగ్గర మొక్కల బండి మీద కొన్న మొక్కకి మా ఇంట్లో మూడు పేర్లు వచ్చాయి. అమ్మినాయన బోన్సాయ్ అన్నాడు. పక్క క్వార్టర్ కాకిమా కాక్టస్ అన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మమ్మ దాని లావుపాటి మొదలు చూసి, "ఏటర్రా ఇది, గన్నేరుకి బోదకాలొచ్చిందేటి?" అంది. ముగ్గురిలో నిజానికి దగ్గరగా వచ్చింది అమ్మమ్మే.

అది ఎడారి గులాబీ. శాస్త్రీయ నామం అడీనియం ఒబేసమ్. లాటిన్‌లో ఒబేసమ్ అంటే లావుగా ఉన్నది అని. పేరులో గులాబీ ఉన్నా ఇది గులాబీ కాదు. గన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరుల కుటుంబం. యెమెన్‌లో దీన్ని చూసిన స్వీడన్ శాస్త్రవేత్త ఫోర్స్కోల్ కూడా గన్నేరు జాతి కిందే రాసుకున్నాడు. ఆయన 1763లో అక్కడే చనిపోతే, ఆ రాతలు 1775లో పుస్తకంగా వచ్చాయి. 1819లో గానీ దీనికి అడీనియం అనే సొంత జాతి పేరు రాలేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. గన్నేరు ఆకులు సన్నగా, పొడుగ్గా, కణుపుకి మూడేసి ఉంటాయి. దీని ఆకులు కొమ్మ చివర గుత్తిగా, కొస వైపు వెడల్పుగా ఉంటాయి. ముళ్ళు ఉండవు. కాయ పగిలితే గింజకి రెండు వైపులా దూది కుచ్చులుంటాయి. గన్నేరు గింజకి ఒక వైపే.

మా మొదటి మొక్కని మేమే చంపాం. ఆషాఢంలో ఖరగ్‌పూర్ వాన చాలక, రోజూ చెంబుడు నీళ్ళు కూడా పోశాం. మొదలు నొక్కితే పండిన అరటిపండులా మెత్తగా దిగిపోయింది. తరువాత కొన్న రెండింటికీ ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెం ఎరువు కలిపి, అడుగున చిల్లులున్న కుండీలు పెట్టాం. వానాకాలం వరండాలోకి మార్చాం. చలికాలంలో ఆకులు రాలిస్తే చచ్చిపోయిందని ఏడవక్కర్లేదు, నిద్రపోతుంది. అప్పుడు నీళ్ళు బాగా తగ్గించాలి. మొదలు లావుగా కావాలంటే గింజ నుంచి వచ్చిన మొక్క కొనుక్కోవాలి. కొమ్మ నాటితే పూలు పూస్తుంది గానీ ఆ బొజ్జ అంత తొందరగా రాదు.

బదిలీల పిల్లలకి ఇంతకంటే మంచి మొక్క లేదని మా అభిప్రాయం. మట్టి దులిపి, వేళ్ళు ఆరనిచ్చి, పాత పేపర్లో చుట్టి సామాన్లలో పెడితే కొన్ని రోజులు తట్టుకుంటుంది. జామచెట్టు అలా రాదు కదా! మేము ఇంతవరకు వదిలేసి వచ్చిన జామచెట్లు రెండు, కరివేపాకు ఒకటి.

కానీ ఈసారి మొక్కని వదిలేయడం గురించే చెప్పాలి. నాన్నకి మళ్ళీ ఆర్డర్ వచ్చింది. చిన్నది మాతో వస్తుంది. పెద్దది సిమెంటు కుండీలో ఉంది, ఎత్తలేం. క్వార్టర్ అప్పగించేటప్పుడు ఫ్యాన్లు, కుళాయిలు, తాళాలు లెక్కపెడతారు. మొక్కల సంగతి ఎవరూ అడగరు. ఈ మొక్క పాలు విషం. ఆఫ్రికాలో కొన్ని చోట్ల బాణాల మొనలకి పూసేవారు. గుండె మీద పనిచేస్తుంది. తరువాత వచ్చే ఇంట్లో పాకే పిల్ల ఉండొచ్చు, మేక ఉండొచ్చు. వాళ్ళకి ఎవరో బోన్సాయ్ అని చెప్తే ఏం తెలుస్తుంది?

విషమైతే పీకేయొచ్చుగా అన్నాడు మా క్లాసువాడొకడు. అలాగైతే గన్నేరు కూడా పీకేయాలి. అది కూడా విషమే, అయినా మన పెరళ్ళలో, గుళ్ళ దగ్గర ఉంది. దాని సంగతి అందరికీ తెలుసు కాబట్టి జాగ్రత్తగా ఉంటారు. కొత్త మొక్కకి ఆ తెలిసినతనం లేదు. దాన్ని తెచ్చినవాళ్ళే ఇచ్చి వెళ్ళాలి.

అందుకని అట్టముక్క మీద పేరు, నీళ్ళు ఎప్పుడు పోయాలో, పాలు నోట్లోకీ కంట్లోకీ వెళ్ళకూడదని, కోస్తే చేతులు కడుక్కోవాలని రాసి కుండీకి కట్టాం. తెలుగు, హిందీ మేము రాశాం. బెంగాలీ కాకిమా రాసిపెట్టారు. వానకి తడవకుండా పైన పాలిథిన్ కవరు తొడిగాం.