సముద్రపు ఒడ్డున పరుగు బాటలు ఏవీ?

తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు గంటల వేళ మన శ్రీకాకుళం జిల్లా తీరప్రాంత గ్రామాల మీదుగా వెళ్ళేవారికి ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. ఇంకా చీకటి విడకముందే, రోడ్డు అంచున ఇద్దరు ముగ్గురుగా, ఒక్కొక్కచోట పదిమంది గుంపుగా కుర్రవాళ్ళు పరుగెత్తుతూ వుంటారు. వీరు సరదాకు పరుగెత్తేవారు కారు. ఒకరు పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి, ఒకరు సైన్యానికి, మరొకరు కేంద్ర బలగాలకు దరఖాస్తు పెట్టుకున్నవారు. ఇచ్ఛాపురం మొదలు రణస్థలం వరకు సముద్రం పొడవునా వున్న పల్లెల్లో ఈ పరుగు సేద్యం మాదిరి, వేట మాదిరి ఒక పనిగా మారిపోయింది.

మన రాష్ట్రంలో కానిస్టేబులు ఎంపికకు వచ్చిన మగపిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. ఆడపిల్లలకు 10 నిమిషాల 30 సెకన్ల గడువు వుంది. ఈ పరుగు తప్పితే మిగతా పరీక్షల దాకా పోయే ప్రసక్తే లేదు. సైన్యంలో 2022లో వచ్చిన అగ్నివీర్ పద్ధతిలోనూ 1.6 కిలోమీటర్ల పరుగు ఒక గీటురాయి. ఒక్క సెకను ఆలస్యమైతే ఆ యేటికి సరి. పోనీ పరీక్ష త్వరగా పెడతారా అంటే అదీ లేదు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబులు ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు నెలాఖరుకు గాని మొదలు కాలేదు. ఆ దాదాపు రెండేళ్ళూ పరుగు మానితే కాళ్ళు మొరాయిస్తాయన్న భయంతో పిల్లలు రోజూ పరుగెత్తుతూనే వున్నారు. ఎక్కడ పరుగెత్తారు? చాలామంది లారీల పక్కన!

మన జిల్లాలో జాతీయ రహదారి చాలా దూరం సముద్రానికి దగ్గరగానే పోతుంది. దాని నుంచి రేవులకు చీలిన రోడ్లు ఇరుకు. అంచులు కోసుకుపోయి, దిగితే కాలు మెలికపడేటట్టు వుంటాయి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023లో ఓడరేవు పనులు మొదలయ్యాక ఆ వైపు రోడ్ల మీద బరువు బళ్ళ రాకపోకలు పెరిగాయి. మార్గశిరం, పుష్యం వచ్చిందంటే పొగమంచు. లారీ డ్రైవరు రాత్రంతా మేలుకొని వుంటాడు. నల్ల బనీను వేసుకున్న కుర్రవాడు దగ్గరికి వచ్చేదాకా అతని కంటికి ఆనడు. ఈ మాట అంటే ‘గ్రౌండు ఎక్కడుంది బాబూ’ అంటారు పిల్లలు. నిజమే, ఎక్కడుంది? చాలా ఊళ్ళలో బడి ఆవరణే ఆటస్థలం, దానికి గేటు, గేటుకు తాళం.

అయితే పక్కనే 193 కిలోమీటర్ల సముద్రతీరం వున్నది. బారువ, కళింగపట్నం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో బస్సులు కట్టించుకొని వస్తారు. కళింగపట్నంలో 1876 నాటి దీపస్తంభం, పక్కనే వంశధార కలిసే మొగ. బారువ దగ్గర మహేంద్రతనయ మొగ. ఒడ్డున కొబ్బరి, జీడి, సరుగుడు తోటలు, మొగలి డొంకలు. తూర్పున పొద్దు పొడిచేవేళ ఆ ఒడ్డున పరుగెత్తితే అలుపు తెలియదని చెప్పేవాళ్ళున్నారు. అందం మాట అటుంచి, అక్కడ లారీ రాదు. అది చాలు.

కాని ఇసుక మీద పరుగు ఉత్త పరుగు కాదు. పొడి ఇసుకలో కాలు దిగబడి, గట్టి నేలమీది కంటే రమారమి ఒకటిన్నర రెట్లు శక్తి ఖర్చవుతుంది. కండ గట్టిపడటానికి మంచిదే గాని రోజూ అదే చేస్తే పిక్కలు, మడమ పైనున్న నరం పట్టేస్తాయి. నీరు వెనక్కి తీసినప్పుడు బయటపడే తడి ఇసుకే పరుగుకు అనువు. ఆ వేళ రోజూ ఒకటే వుండదు. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ ముందటి రోజు కంటే రెండు ఘడియలు, అంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ, నీరు వెనక్కి తీయడమూ ఎక్కువ. ఈ లెక్క వేటకు పోయే పెద్దలకు తిథి చెబితే నోటి మీద వుంటుంది. కోచింగు సెంటరుకు వేలు పోసే పిల్లలు ఇంటి అరుగు మీద కూర్చున్న తాతను ఒక్క మాట అడగరు!

ఒడ్డు సముద్రం వైపు వాలి వుంటుంది కనుక ఒకే దిక్కుకు పరుగెత్తితే ఒక కాలు పల్లంలో, ఒక కాలు మిట్టలో పడి మోకాలు, తుంటి నొప్పి పుడతాయి. పోయినంత దూరం వెనక్కి రావాలి. పరీక్ష జరిగేది గట్టి నేలమీద కనుక వారానికి రెండు మూడు రోజులు ఇసుక, మిగతా రోజులు మట్టి బాట అయితే మేలు. గడియారం పెట్టి చూసుకునేది మట్టి బాట మీదే చూసుకోవాలి. ఇసుకలో తొమ్మిది నిమిషాలు పట్టిందని నీరుగారిపోయిన పిల్లలున్నారు, అందుకని చెబుతున్నాము.

ఆ మట్టి బాటే ఇప్పుడు కావలసింది. సరుగుడు తోటలకు, ఊరికి నడుమ బళ్ళ బాటలు చాలా గ్రామాల్లో ఇప్పటికే వున్నాయి. కొత్తగా చెట్టు కొట్టనక్కర లేదు, కొట్టకూడదు కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని నేలపాలు చేసిన సంగతి ఎవరూ మరచిపోలేదు. గాలికి అడ్డు నిలిచేది ఆ కాసిని చెట్లే. సిమెంటు ట్రాకులూ అక్కర లేదు. తీరం దగ్గర కట్టడాలకు కేంద్ర నిబంధనలు ఎలాగూ అడ్డం వస్తాయి. వున్న బాటనే చదును చేసి, గోతులు పూడ్చి, 200 మీటర్లకు ఒక రాయి పాతితే ఎనిమిది రాళ్ళకు 1,600 మీటర్లు. మొదటి రాయితో కలిపి తొమ్మిది. పంచాయతీకి ఇది భారం కాదు. ఇప్పుడు పిల్లలు ‘తాటిచెట్టు నుంచి గుడిదాకా ఒక మైలు’ అని లెక్క కట్టుకుంటున్నారు. తీరా పరీక్షకు వెళ్ళాక ఆ మైలు పొట్టిదని తెలుస్తుంది.

ఒడ్డు మీద హక్కు ముందుగా మత్స్యకారులది. పడవలు ఎక్కించే చోట, అలివి వల లాగే చోట, చేపలు ఎండబెట్టే చోట పరుగు పెట్టరాదు. చీకట్లో తాడు కాలికి తగిలి పళ్ళు రాలగొట్టుకుంటే వల తప్పు కాదు గదా. రేవు దగ్గరికి వచ్చేసరికి బాట పడవల వెనుకగా పోవాలి. ఏ చోట తిప్పాలో ఊరి పెద్దలు, పరుగెత్తే పిల్లలు కూర్చుని మాట్లాడుకుంటే ఒక పూటలో తేలిపోతుంది.

మరో హక్కుదారు వుంది, నోరు లేనిది. జనవరి మొదలు మార్చి, ఏప్రిల్ దాకా రాత్రివేళ సముద్రపు తాబేళ్ళు మన ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు పొదుగుతాయి. అవి వెలుతురును బట్టి సముద్రం దారి పడతాయి కనుక టార్చిలైటు వేస్తే తికమకపడి ఊరివైపు నడుస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటికి గట్టి రక్షణ వున్నది. ఆ నెలల్లో తెల్లవారే వరకు ఇసుక వదిలి మట్టి బాట పట్టడం మంచిది. గుడ్లున్న చోటు కంటబడితే అటవీశాఖ వారికి కబురు చేయాలి.

ఇక అన్నిటికన్నా భయపడవలసిన విషయం. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళు కూల్చిందో వేరే చెప్పనక్కర లేదు. దాని మూలకారణం ఇదీ అని వైద్యులు ఇంకా తేల్చి చెప్పలేదు. అయితే ఒంట్లో నీరు తగ్గినవేళ నొప్పి మాత్రలు మింగితే మూత్రపిండాలకు చేటు అన్నది ఎక్కడైనా నిజమే. కాలు నొప్పి అనగానే కిరాణా కొట్లో మాత్ర కొని మింగి మళ్ళీ పరుగుకు దిగే అలవాటు మన పిల్లల్లో బలంగా వున్నది. చెమటోడ్చి, నీళ్ళు తాగక, పైన మాత్ర! పరీక్ష నెగ్గి, ఉద్యోగంలో చేరి, ఆ తరువాత డయాలసిస్ మంచం ఎక్కితే ఆ తల్లిదండ్రుల గతి ఏమిటి? బాట మొదట్లో ఒక మంచినీటి కుండ, నెలకొకసారి ఆరోగ్య కార్యకర్త చేత రక్తపోటు పరీక్ష - ఈ రెండూ రాళ్ళకంటే ముందు రావాలి.

పరుగు అయ్యాక ఒళ్ళు కడుక్కుందామని సముద్రంలో దిగే అలవాటు కూడా మానుకోవాలి. మొగల దగ్గర, ఒడ్డు కోసుకుపోయిన చోట లాగుడు ఎక్కువ. అలసిన ఒళ్ళు ఈదలేదు.

ఆడపిల్లల సంగతి ఎవరూ తలచడం లేదు. మన జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకం తెచ్చి దేశంలో తొలి మహిళగా నిలిచింది. ఆ జిల్లాలోనే ఆడపిల్ల ట్రాకు ప్యాంటు వేసుకొని పరుగెత్తితే అరుగుల మీద మాటలు పుడుతున్నాయి. వీరు చీకట్లో బయలుదేరలేరు, తెల్లవారాక రోడ్డు మీద పరుగెత్తలేరు. బాట మీద నాలుగు దీపాలు, వారంలో కొన్ని పూటలు ఒక మహిళా కానిస్టేబులు వచ్చి నిలబడటం వీరికి ఎంతో ఆసరా. దీపాలు ఊరివైపు తిప్పి, ఒడ్డు మీద వెలుగు పడకుండా పెట్టుకుంటే తాబేళ్ళకూ బాధ లేదు.

విశాఖలో బీచి రోడ్డును తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనాలు ఆపి నడిచేవారికి వదులుతున్నారు. పట్నంలో ఒళ్ళు తగ్గించుకునేవారికి ఆ సౌకర్యం వుంటే, పల్లెలో ఉద్యోగం కోసం పరుగెత్తేవారికి రేవు రోడ్డు మీద గంటన్నర సేపు ఒక అడ్డుకర్ర వేయించలేమా? చేపల బండికీ, ఆంబులెన్సుకూ దారి ఇచ్చి మిగతావి ఆపవచ్చు. ఇసుక మీద మోటారు సైకిళ్ళు తిప్పేవారిని, వనభోజనాలకు వచ్చి సీసాలు పగలగొట్టి పోయేవారిని మెరైన్ పోలీసులు కట్టడి చేయాలి. ఒట్టికాళ్ళతో పరుగెత్తే పిల్లలకు గాజుపెంకే పెద్ద శత్రువు.

సోమవారం కలెక్టరు గారికి అర్జీలు ఇచ్చే రోజు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, గార మండలాల పిల్లలు విడివిడిగా కాక, సర్పంచులను వెంటబెట్టుకొని, ఏ బాట కావాలో కాగితం మీద గీసుకొని వెళ్ళడం మంచిది. తాబేళ్ళు ఒడ్డెక్కేది జనవరిలో. బాట చదును, రాళ్ళు పాతడం అంతకు ముందే, తుపానుల కాలం దాటిన వెంటనే డిసెంబరులో ముగించుకోవచ్చు.