నారింజ పరిమళం రసంలో లేదు

రమ్ములో నారింజ రుచి కావాలంటే నారింజ రసం పోయాలి. ఇంట్లో కాక్‌టెయిల్ కలిపేవాళ్లలో చాలామంది నమ్మకం ఇదే. ఒక పెగ్గు రమ్ము, దానికి మూడింతలు డబ్బా రసం, నాలుగు ఐసు ముక్కలు. ఈ పద్ధతి రమ్మునూ చెడగొడుతుంది, పండునూ వృథా చేస్తుంది.

నారింజ అనగానే మనకు గుర్తొచ్చే పరిమళం ప్రధానంగా తొక్కది. తొక్క పైపొరలోని చిన్న చిన్న తిత్తుల్లో నూనె ఉంటుంది. అందులో 90 శాతానికి పైగా లిమోనీన్. కమలాపండు తొక్కను కొవ్వొత్తి మంట దగ్గర మడిచి నొక్కితే చిటపటమని మెరిసేది ఆ నూనే. అది నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అంటే రమ్ము పట్టుకోగలిగిన సువాసనలో చాలావరకు మనం చెత్తబుట్టలో వేసే తొక్కలోనే ఉందన్నమాట. ఇక రసం సంగతి చూడండి. చాలావరకు నీళ్లు, పదో వంతు చక్కెర, పులుపు ఒక శాతం అటూ ఇటూ. నిమ్మరసంలో పులుపు అంతకు ఐదారు రెట్లు. తీపికి దీటైన పులుపు లేక ఆ గ్లాసు చప్పబడిపోతుంది, రమ్ము పలచబడుతుంది. డబ్బా రసమైతే మరీ అన్యాయం: గాఢరసం కోసం మరిగించేటప్పుడే దాని వాసన చాలావరకు ఆవిరితో పోతుంది.

రమ్ము పుట్టిన కరీబియన్ దీవులవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. స్పెయిన్‌వాళ్లు కురసావ్ దీవిలో నాటిన నారింజ అక్కడి ఎండు నేలలో నోట పెట్టలేనంత చేదెక్కింది. దాని ఎండు తొక్క మాత్రం ఘుమఘుమలాడింది. కురసావ్ లిక్కర్ ఆ తొక్క నుంచే వచ్చింది. మార్టినిక్‌లో క్రిస్మస్‌కు ఇళ్లల్లో తయారుచేసుకునే 'ష్రబ్' కూడా రమ్ములో నారింజ తొక్కలు నానేసి, చెరకు పాకం కలిపినదే.

మై తాయ్ అనే రమ్ము కాక్‌టెయిల్ చరిత్ర ఇంకా గట్టి సాక్ష్యం. 1944లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్ దాన్ని కలిపినప్పుడు వాడినవి 17 ఏళ్ల జమైకా రమ్ము, నిమ్మరసం, నారింజ కురసావ్, బాదం పాకం, చక్కెర పాకం. నారింజ రసం ఒక్క చుక్క లేదు. 1953లో అది హవాయి హోటళ్లకు చేరింది. ఆ తర్వాతే అనాసరసం, నారింజ రసం వచ్చిపడ్డాయి. ఇవాళ చాలామంది ఆ రసాల కలగలుపునే మై తాయ్ అనుకుంటున్నారు.

రసం పోస్తే మంట తెలియదు, కొత్తవాళ్లకు తేలిక అని కొందరు వాదిస్తారు. నాకు అన్నిటికన్నా అభ్యంతరం ఈ మాట మీదే. 42.8 శాతం రమ్ము 60 మిల్లీలీటర్లు పోస్తే అందులో ఆల్కహాల్ సుమారు 26 మిల్లీలీటర్లు. ఎంత రసం కలిపినా అది తగ్గదు. తగ్గేది నాలుకకు అందాల్సిన హెచ్చరిక. అలవాటు లేనివాళ్లు మూడో గ్లాసు దాకా గబగబా వెళ్లిపోవడానికి కారణం ఈ తీపే.

తొక్కతో చేయడం కష్టమన్నదీ నిజం కాదు. రెండు పండ్లను గోరువెచ్చటి నీళ్లతో రుద్ది కడిగి, మైనం పూత వదిలించండి. పీలర్‌తో పైపొర మాత్రమే తీయండి. కింది తెల్లపొర చేదు. ఆ చెక్కుని 375 మిల్లీలీటర్ల రమ్ములో, గాజు సీసాలో ఒక రోజు నానబెట్టి వడకట్టండి. ఇందులోంచి 60 మిల్లీలీటర్ల రమ్ము, 20 నిమ్మరసం, 15 చక్కెర పాకం గట్టి మూత ఉన్న డబ్బాలో ఐసు వేసి గట్టిగా గిలక్కొట్టండి. గ్లాసులోకి వంచాక తాజా తొక్క ముక్కను పైన మెలిపెట్టి పిండండి. మన ఊళ్లలో పులిహోరకు వాడే పుల్ల నారింజ దొరికితే ఇంకా మేలు: తొక్కలో ఘాటు, రసంలో పులుపు రెండూ ఉంటాయి కనుక నిమ్మకాయతో పనిలేదు.

చెక్కు తీసిన కమలాలను తొనలు ఒలుచుకుని తినండి. రసమే ఇష్టమైతే విడిగా పిండుకుని తాగండి. రమ్ములో మాత్రం పోయకండి.